కాన్పూరులో ఒక దినం

గంగాతీరాన వెలసిన నగరాలలో కాశీకి, ప్రయాగకు పోయే యాత్రికులకు లెక్కలేదు. ఆ రెండింటికీ ఎగువన ఉన్న కాన్పూరుకు పుణ్యార్థం పోయేవారు తక్కువ. తోలు పరిశ్రమ, నూలు మిల్లులు ఆ నగరానికి పేరు తెచ్చినవి. నేటికీ వర్తకులూ పనివాండ్రే అక్కడికి ఎక్కువగా పోతుంటారు. అయితే భారతదేశ చరిత్ర చదివినవాడు అక్కడ ఒక దినం గడపడం మంచిది. సతీచౌరా ఘట్టం, ఆంగ్లేయులు కట్టిన స్మారక దేవాలయం, నానారావు పార్కు, ఫీల్‌ఖానా వీధి: ఈ నాలుగింటినీ ఉదయం బయలుదేరి సాయంకాలానికి చూసి రావచ్చును. చనిపోయినవారిలో ఎవరిని తలచుకోవాలి, ఎవరిని మరచిపోవాలి అనే ప్రశ్న ఈ నాలుగు చోట్లా ఎదురవుతుంది.

యాత్రికుడు ముందుగా ఘట్టానికి పోవడం ఉచితం. చివరి పీష్వా అయిన రెండవ బాజీరావు రాజ్యం పోగొట్టుకొని, కాన్పూరుకు సమీపంలోని బిఠూరులో సాలుకు 8 లక్షల రూపాయల భరణంతో కాలం గడిపి, 1851లో మరణించినాడు. దత్తపుత్రుడైన నానాసాహెబుకు ఆ భరణం చెల్లదని డల్హౌసీ ప్రభుత్వం తేల్చినది. నానా పక్షాన అజీముల్లాఖాన్ లండను దాకా పోయి వాదించి, విఫలుడై తిరిగి వచ్చినాడు. 1857 జూన్‌లో కాన్పూరు సిపాయిలు తిరుగబడినప్పుడు నానాసాహెబు వారికి నాయకుడైనాడు. జనరల్ వీలర్ తనవారితో మట్టికట్టల చాటున సుమారు మూడు వారాలు నిలిచి, అలహాబాదుకు పడవలలో క్షేమంగా పోనిస్తామన్న మాట నమ్మి లొంగిపోయినాడు. జూన్ 27 ఉదయం సతీచౌరా ఘట్టంలో పడవలెక్కుతున్నవారిపై తుపాకులు పేలినవి. పురుషులలో ప్రాణాలతో బయటపడినవారు అతి స్వల్పం. మిగిలిన స్త్రీలను, పిల్లలను బీబీఘర్ అనే ఇంట బంధించినారు. హావెలాక్ సేన సమీపిస్తున్నదని తెలిసినప్పుడు, జూలై 15న, ఆ బందీలను వధించినారు. వారు సుమారు 200 మంది. కాల్చడానికి సిపాయిలు వెనుదీయగా, కత్తులు పట్టిన మరికొందరిని లోపలికి పంపినారు. మరునాడు శవాలను ప్రక్కనున్న బావిలో పడవేసినారు. ఆజ్ఞ ఇచ్చినది ఎవరన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. జరిగిన పని ఘోరమన్న విషయంలో సందేహానికి తావు లేదు.

ఈ కథను ఆంగ్లేయ గ్రంథకర్తలు చాలాకాలం ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడనే ముగించినారు. కాని జూన్ నెల మధ్యలోనే కర్నల్ నీల్ అలహాబాదులో విచారణ లేని ఉరితీతలు సాగించినాడు. అక్కడినుండి కాన్పూరుకు వచ్చే రహదారి పొడవునా ముందుదళం పల్లెలను తగులబెట్టి, చేతికి చిక్కినవారిని చెట్లకు ఉరితీసినది. ఆ వార్తలు సేనకంటె ముందుగా కాన్పూరుకు చేరినవి. నగరం తిరిగి ఆంగ్లేయుల వశమైన తరువాత, ఉరిశిక్ష పడినవారి చేత బీబీఘర్ నేలమీది నెత్తురును ముందుగా శుభ్రం చేయించవలెనని నీల్ ఆజ్ఞాపించినాడు. నిరాకరించినవారిని కొరడాలతో కొట్టించినాడు; నాలుకతో నాకించిన ఉదంతమూ ఉన్నది. చంపే ముందు వారి ఆచారాన్ని మంటగలపడమే ఆ శిక్ష ఉద్దేశం. తెలుగువారికి ఈ నీల్ పూర్తిగా అపరిచితుడు కాడు. అతడు మద్రాసు ఫ్యుజిలియర్ల దళపతి. ఆంధ్ర జిల్లాలకు కూడ రాజధానిగా ఉన్న మద్రాసులో, మౌంటురోడ్డు మీద అతని విగ్రహం చాలాకాలం నిలిచినది. దానిని తొలగించవలెనని 1927లో సత్యాగ్రహం జరిగినది. 1937లో రాజాజీ మంత్రివర్గం దానిని వస్తుప్రదర్శనశాలకు తరలించినది.

బీబీఘర్ బావిమీద ఆంగ్లేయులు మరొచెట్టి అనే శిల్పి చెక్కిన దేవదూత ప్రతిమను నిలిపి, చుట్టూ రాతి జాలకం కట్టించి, విశాలమైన తోట పెంచినారు. అందుకు నగరవాసులపై జరిమానా విధించినారు. ఖర్చు ఆ ఊరివారిదే అయినా, బావి ఆవరణలోనికి భారతీయులకు ప్రవేశం లేకపోయినది. 1875లో ప్రతిష్ఠ జరిగిన స్మారక దేవాలయం గోడలమీద మృతుల పేర్లు చెక్కబడి ఉన్నవి. వాటిని చదువుతూ నిలిచిన యాత్రికునికి మనసు బరువెక్కక మానదు. ఆ పసిపిల్లలకు సామ్రాజ్యంతో పనిలేదు. అయితే అలహాబాదు దారిలో చెట్లకు వేలాడినవారి పేర్లు ఏ గోడమీదా లేవు. వాటిని వ్రాసిపెట్టినవారే లేరు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత లెక్క తారుమారైనది. దేవదూత ప్రతిమ, జాలకం బావిమీదినుండి దేవాలయ ఆవరణలోనికి తరలిపోయినవి. తోట నానారావు పార్కు అయినది. తాంతియాతోపే ప్రతిమ వెలసినది. విప్లవకారులను ఉరితీసిన మర్రిచెట్టు ఇక్కడిదేనని ప్రజలు చెప్పుకుంటారు. తొంభై సంవత్సరాలు తన తోటలో తాను అడుగుపెట్టలేకపోయిన ఊరు చేసిన ఈ మార్పును తప్పుపట్టడం కష్టం. కాని ఫలితంగా చనిపోయినవారు ఒకచోట, వారి స్మారకం మరొకచోట అయినవి. మొదట ఒక పక్షం తన మృతులను మాత్రమే లెక్కించినది. తరువాత రెండవ పక్షమూ అదే పద్ధతి పట్టినది.

ఇంతకంటె వేరైన పద్ధతి ఉన్నదా అని అడిగేవానికి సమాధానం ఫీల్‌ఖానాలో దొరుకుతుంది. గణేశ్ శంకర్ విద్యార్థి 'ప్రతాప్' పత్రిక ముద్రణాలయం ఆ వీధిలో ఉండేది. 1890లో పుట్టిన విద్యార్థి 1913లో ఆ పత్రికను స్థాపించి, రైతుల పక్షాన, మిల్లు కార్మికుల పక్షాన వ్రాసి, పలుమార్లు జైలుకు పోయినాడు. విక్టర్ హ్యూగోను హిందీ పాఠకులకు అందించినాడు. భగత్‌సింగ్ కొంతకాలం ఆయన వద్ద పనిచేసినాడు. 1931 మార్చి 23న భగత్‌సింగ్‌ను ఉరితీసినారు. మరునాడు కాన్పూరులో హర్తాళు. అంగళ్లు మూయించే తగవు హిందూ ముస్లిం కలహంగా మారి వందలమందిని బలిగొన్నది. విద్యార్థి ముస్లిం పేటలలో చిక్కుకున్న హిందువులను, హిందూ పేటలలో చిక్కుకున్న ముస్లింలను వెలికి తీసి సురక్షిత స్థలాలకు చేర్చుతూ సందుసందు తిరిగినాడు. మార్చి 25న ఆ పనిలోనే హతుడైనాడు. ఆయన దేహాన్ని తరువాత ఆసుపత్రిలో శవాల రాశిలో గుర్తించినారు. కరాచీ కాంగ్రెసు భగవాన్‌దాసు అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించినది. రెండు మతాలవారి వైరం సహజమైనది కాదని ఆ సంఘం చరిత్ర ఆధారంగా వివరించగా, ప్రభుత్వం ఆ నివేదికను నిషేధించినది.

కాన్పూరు ఆయనను మరువలేదు. అక్కడి వైద్యకళాశాల ఆయన పేరు మోస్తున్నది. అయితే పేరు నిలుపుకోవడం సులభం, పద్ధతి నిలుపుకోవడం కష్టం. తలుపు తట్టేటప్పుడు లోపల ఉన్నది ఎవరి మనిషి అని విద్యార్థి చూడలేదు. ప్రమాదంలో ఉన్న మనిషి అని మాత్రమే చూసినాడు. చరిత్ర వ్రాసేవారికీ చదివేవారికీ ఈ దృష్టి అవసరం. బావిలో పడిన పసిపిల్లలను తలచుకున్నంత మాత్రాన మర్రికొమ్మకు వేలాడినవారి త్యాగం తరగదు; ఆ త్యాగాన్ని కీర్తించినంత మాత్రాన పిల్లల మరణం న్యాయం కాజాలదు. నానారావు పార్కులో సాయంకాలం ఊరి పిల్లలు ఆడుకుంటారు. ఈ రెండు మాటలనూ వారికి కలిపి చెప్పవలసిన బాధ్యత పెద్దలది.