జఠర శస్త్రచికిత్స: లాభనష్టములు

మన కృష్ణాతీరమున కడుపు చరిత్ర చెప్పవలసినచో నందన నామ సంవత్సరముతో మొదలిడవలెను. 1832-33లో వానలు లేక గుంటూరు సీమలో లక్షకు పైబడి జనము ఆకలిచే మడిసిరి. తరువాత విజయవాడయొద్ద 1852లో ఆనకట్ట నారంభించి 1855లో ముగించిరి. కాలువలు పారినవి, గాదెలు నిండినవి. అన్నము లేక ప్రాణములు విడిచిన ఆ సీమలోనే నేడు అధిక స్థూలకాయము తగ్గుటకై జఠరమును కోయించుకొనువారు కలరు. విజయవాడలోనే ఈ చికిత్స జరుగుచున్నది.

స్థూలత క్రొత్త వ్యాధి కాదు. చరక సంహిత అతిస్థూలుని నింద్యులగు ఎనమండుగురిలో చేర్చి, కృశత్వముకంటె స్థౌల్యమునకే చికిత్స కష్టమని చెప్పినది. మన పూర్వులు దంపుడు బియ్యము తిని పొలమునకు నడచిరి. మరబియ్యమును నడకలేని బ్రతుకును వచ్చిన పిదప దేహమున క్రొవ్వు నిలిచినది. అయినను తిండిపోతుతనమొక్కటే కారణమనుట అన్యాయము. వంశలక్షణము, కొన్ని మందులు, నిద్రలేమియు కారణములే.

1954లో అమెరికాలో క్రెమెన్, లిన్నర్ అను వైద్యులు చిన్నప్రేవులో హెచ్చుభాగమును ఆహారము దాటిపోవు పద్ధతిని ప్రకటించిరి. బరువు తగ్గినది గాని, విరేచనములును కాలేయవ్యాధియు ప్రబలుటచే కాలక్రమమున దానిని విడిచిరి. 1966లో ఎడ్వర్డ్ మేసన్ జఠరమున చిన్న సంచిని వేరుచేసి ప్రేవునకు కలుపు బైపాస్‌ను చేసెను. నేడు విరివిగా చేయునది స్లీవ్ గాస్ట్రెక్టమీ. పొట్టకు చిన్న రంధ్రములు చేసి, జఠరములో ఇంచుమించు నాలుగింట మూడు పాళ్లు తొలగించి, మిగిలినదానిని అరటికాయవలె సన్నని గొట్టముగా చేయుదురు. ఆకలిని రేపు గ్రెలిన్ అను రసమును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది ముఖ్యముగా ఊరు భాగము పోవుటచే ఆకలియు మందగించును.

ఇక లాభములు. దేహపు బరువులో సుమారు నాలుగవ వంతు తగ్గవచ్చును. మధుమేహము, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగుట, మోకాళ్లనొప్పి పెక్కుమందికి నెమ్మదించును. స్వీడన్ దేశమున 1987లో మొదలైన పరిశోధన, ఇట్టి చికిత్సలు పొందినవారిలో మరణములు తక్కువయని 2007లో చూపినది. అయితే ఆనాటి పద్ధతులు వేరు. అందు స్లీవ్ లేదు.

నష్టములును వినుడు. కోసిన జఠరము మరల రాదు. అతికిన చోట కారుట, రక్తస్రావము, కాలి సిరలలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరుట ప్రాణాపాయములు, అరుదైనను కలవు. మొదటి వారములలో జ్వరము, కడుపునొప్పి, గుండెదడ కలిగినచో ఒక్క రాత్రియు ఆగక వైద్యుని చేరవలెను. పులిత్రేన్పులు, గుండెమంట హెచ్చవచ్చును. పిత్తాశయమున రాళ్లు పుట్టవచ్చును. ఇనుము, బి12 విటమిను కొరవడును గనుక జీవితాంతము మాత్రలును రక్తపరీక్షలును తప్పవు. నియమము తప్పినచో, ఒక్కొక్కప్పుడు తప్పకున్నను, బరువు కొంత తిరిగి వచ్చును.

పెద్దలారా! మీ యింట బిడ్డ యెవరైన ఈ మాట యెత్తినచో, నోరు కట్టుకొనలేక కోతయాయని ఎగతాళి చేయకుడు. పెండ్లి ముహూర్తమునకు సన్నబడుటకని తొందరయు పెట్టకుడు. ఇది అందమునకు చేయు పని కాదు. వ్యాధి ముదిరినప్పటి ఉపాయము. ఏ వ్యాధి తగ్గునని చేయుచున్నారు, ఉపద్రవము వచ్చినచో అర్ధరాత్రి ఎవరు చూతురు, ఏండ్ల తరబడి పరీక్షలకు ఎంత వ్యయమగును అని వైద్యుని ముందే అడుగుడు.

ఆనకట్ట కట్టినంత మాత్రమున పంట పండదు. ఏటేట కాలువ పూడిక తీయవలెను, గట్టు కాయవలెను. ఈ చికిత్సయు అట్టిదే. కత్తి చేయు పని ఒక్కనాటిది; మిగిలినది మనిషియు, వాని యింటివారును జీవితకాలము చేయవలసినది.