ఈగ కాలి దువ్వెన నుండి క్యాన్సర్ ఔషధం వరకు

పండ్ల ఈగలలో మగవాటికి ముందుకాళ్ళపై మాత్రమే దువ్వెన పళ్ళవంటి నల్లని ముళ్ళ వరుస ఉంటుంది. 1947లో పమేలా లూయిస్ మధ్యకాళ్ళపైన, వెనుకకాళ్ళపైన కూడా దువ్వెనలున్న ఈగలను గుర్తించారు. ఆ జన్యువుకు ‘పాలీకోంబ్’, అనగా ‘అనేక దువ్వెనలు’ అనే పేరు స్థిరపడింది.

ప్రతి కణంలోను అన్ని జన్యువులూ ఉంటాయి. అక్కరలేనివి మూసి ఉండాలి. ఆ మూతను కాపాడేవాటిలో పాలీకోంబ్ ఒకటని 1978లో ఆమె భర్త ఎడ్వర్డ్ లూయిస్ ప్రతిపాదించారు. 1995లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

ఆ మూత పడే విధానం 2002లో స్పష్టమైంది. డి.ఎన్.ఎ. దారం హిస్టోన్ అనే ప్రోటీన్ కండెలకు చుట్టుకొని ఉంటుంది. ‘ఈజెడ్’ అనే ప్రోటీన్ ఆ కండెపై మిథైల్ ముద్ర వేస్తుంది. అయితే అది ఒంటరిగా దాదాపు అశక్తం. తోటి ప్రోటీన్లు పెనవేసుకొన్నప్పుడే పనిచేస్తుంది. ఆ ముద్రను పాలీకోంబ్ ప్రోటీన్ పట్టుకొంటుంది. జన్యువు మూసుకొని ఉంటుంది.

మనలో ఈజెడ్‌కు సాటి ప్రోటీన్ ‘ఈజెడ్‌హెచ్2’. కొన్ని లింఫోమా క్యాన్సర్లలో దాని జన్యువు మార్పు చెందినదని 2010లో వెల్లడైంది. ముద్రలు మితిమీరితే, మూయకూడని జన్యువులు కూడా మూతపడతాయి. ఆ ప్రోటీన్‌ను నిరోధించే టాజెమెటోస్టాట్ ఔషధానికి 2020లో అమెరికాలో అనుమతి లభించింది. అది ఎపిథెలియాయిడ్ సార్కోమా, ఫాలిక్యులర్ లింఫోమా రోగులలో కొందరికే ఉద్దేశించినది. సర్వక్యాన్సర్ నివారిణి కాదు.

ఈగల కాళ్ళు పరిశీలిస్తే రోగికేమి లాభమని అడగడం సహజమే. ఈ ప్రశ్నకు సమాధానం రావడానికి 73 సంవత్సరాలు పట్టింది.