హైదరాబాద్ పడమటి దిక్కున తోటల సందర్శన

తోటల సందర్శన అంటే తెలిసినవారు ఒకరు ముందు నడుస్తూ, చిన్న బృందానికి చారిత్రక ఉద్యానాన్నో ఎవరి సొంత తోటనో చూపించడం. ఇంగ్లండులో ఇది 1927లోనే వ్యవస్థగా మారింది. ఆ ఏడు ఆరు వందలకు పైగా ఇళ్ల యజమానులు మనిషికి ఒక షిల్లింగు తీసుకుని గేట్లు తెరిచారు. వసూలైన డబ్బు జిల్లా నర్సుల నిధికి వెళ్లింది. హైదరాబాద్‌లో అలాంటిదేమీ పుట్టలేదు. ఇక్కడ జనాన్ని నడిపించుకెళ్లే అలవాటు ఎక్కువగా, ఉన్న స్థలం చేజారిపోతుందన్న బెంగతో మొదలైంది.

హైటెక్ సిటీ అద్దాల మేడలకు గోల్కొండ కోట ఎంతో దూరం కాదు. కుతుబ్‌షాహీల కాలంలో (1518–1687) ఆ కోట చుట్టూ తోటలే. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే, ఇక్కడి రాజప్రాసాదంలో మిద్దెల మీద పెంచిన చెట్ల బరువును కమానులు ఎలా మోస్తున్నాయా అని ఆశ్చర్యపోయాడు. అవన్నీ రాచవారి సొంతం. పిలుపు లేనిదే లోపల అడుగుపెట్టే వీలుండేది కాదు.

ఆ తోటల్లో నేటికీ ఆనవాళ్లు దొరికేది నయా ఖిల్లాలో. 1656లో మొగలుల దాడి జరిగాక అబ్దుల్లా కుతుబ్‌షా కోటకు చేర్చిన భాగమిది. 2014 ప్రాంతంలో కేంద్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వితే నీటి కాలువలు, మట్టి గొట్టాలు, తొట్లు బయటపడ్డాయి. ఇక్కడికి వచ్చేవారు ముందుగా వెతికేది మాత్రం ‘హతియాన్ కా ఝాడ్’ అనే బావోబాబ్ చెట్టునే. ఆఫ్రికా జాతి చెట్టు. వయసు నాలుగు వందల ఏళ్ల పైచిలుకు ఉంటుందని అంచనా. అరబ్బు వర్తకులు తెచ్చారని చెప్పుకుంటారు. మాను చుట్టుకొలత 25 మీటర్లకు పైమాటే. బూడిద రంగు బెరడు ఏనుగు తోలులా ముడతలు పడి ఉంటుంది. కాస్త ఎత్తున మానులో తొర్ర ఉంది, అందులోకి మనుషులు దిగొచ్చు. దొంగలు దాక్కునేవారన్న కథ చెప్పకుండా ఏ గైడూ ముందుకు కదలడు. ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చేసి ఉంటుంది కాబట్టి అప్పుడు వచ్చినవారు చచ్చిన చెట్టనుకుంటారు. తెల్లటి పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి, పగటి సందర్శకులకు ఆ భాగ్యం లేదు. ఆవరణలో గోల్ఫ్ మైదానం వచ్చాక లోపలికి వెళ్లడం మళ్లీ అనుమతి వ్యవహారమైంది. రాజులు పోయినా గేటు పోలేదన్నమాట.

కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణ కథ ఇంతకన్నా నయం. 19వ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ దాన్ని బాగు చేయించాడు. 2013 నుంచి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణ 2024లో ముగిసింది. 106 ఎకరాల ఈ ప్రాంగణాన్ని టికెట్టు కొన్న ఎవరైనా చూడొచ్చు. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం తోటలు ఒకప్పుడు ఏడాదిలో కొద్దిరోజులే జనానికి తెరిచేవారు. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు.

సైబరాబాద్ వైపు అసలు తోట రాళ్లే. 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ గచ్చిబౌలి, ఖాజాగూడ ప్రాంతాల్లో క్వారీలకూ లేఅవుట్లకూ బలవుతున్న గుట్టలను చూపించడానికి నడకలు పెట్టసాగింది. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, ఆ తర్వాత రాళ్లు పగిలే వేగం పెరిగింది. కొత్తగూడ రిజర్వు ఫారెస్టులో 274 ఎకరాల కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ మిగలడం ఈ చుట్టుపక్కల వారికి పెద్ద ఊరట. ఔషధ మొక్కలకు, వెదుళ్లకు, కలపచెట్లకు విడివిడి వనాలున్నా, మధ్యలో సహజమైన బండలను కదపకుండా వదిలేయడమే దాని అందం. పిట్టలు చూసేవారు, చెట్ల పేర్లు నేర్చుకునేవారు తెల్లవారుజామునే వస్తారు. 2017లో దీని పక్కనే పాలపిట్ట సైక్లింగ్ పార్కు తెరిచారు.

సొంత తోటల విషయానికొస్తే, నవాబుల బాగ్‌లు చాలావరకు కాలనీల పేర్లుగానే మిగిలాయి. వాటి స్థానం తీసుకున్నవి మిద్దె తోటలు. రచయిత తుమ్మేటి రఘోత్తమ్‌రెడ్డి నగరానికి తూర్పున నారపల్లిలో తన డాబాపై కూరగాయలు పండించి, చూడవచ్చిన వారందరికీ మెళకువలు విప్పి చెప్పేవారు. ఇప్పుడు నగరంలో మిద్దె తోటల బృందాలు ఆదివారాల్లో ఒకరి ఇంటికొకరు వెళ్తున్నాయి. వచ్చినవారు విత్తనాలు, కొమ్మలు మార్చుకుంటారు, పిండినల్లికి వేపనూనె ఎంత కలపాలో అడిగి తెలుసుకుంటారు. కొండాపూర్, మియాపూర్ అపార్టుమెంట్లలో మాత్రం ఇది అంత తేలిక కాదు. మిద్దె అందరిదీ కనుక కుండీలు పెట్టడానికీ, పది మందిని పైకి తీసుకెళ్లడానికీ అసోసియేషన్ ఒప్పుకోవాలి. స్లాబు చెమ్మెక్కుతుందనే అభ్యంతరం ఎక్కువగా పై అంతస్తు వారి నుంచే వస్తుంది.