సానరాయి దగ్గర మనిషి

"సానపెట్టడం" అనే మాటను మన సాహిత్య విమర్శ వాడినంతగా మరే వృత్తీ వాడి ఉండదు. పద్యాన్ని సానపెట్టాడంటాం. ప్రతిభకు సాన పట్టాలంటాం. ఫలానా కవి మాటలు సానదేరిన వజ్రాలంటాం. ఇరవయ్యేళ్లుగా తరగతి గదిలో నేనూ అంటూనే ఉన్నాను. సాన మీద రాయిని పట్టిన చేయి ఎవరిదన్న ప్రశ్న మాత్రం మొన్నమొన్నటి దాకా నాకు తట్టలేదు. తట్టించినవాడు నా పాత విద్యార్థి ఒకడు.

అతను ఒక కార్యాలయంలో గుమాస్తా. సాయంత్రం ఇంటికి వచ్చాక మేడమీద గదిలో చిన్న యంత్రం ముందు కూర్చుంటాడు. ముడిరాళ్లు గ్రాముల లెక్కన కొని, కోసి, పలకలు తీర్చి, మెరుగుపెట్టి, సెల్‌ఫోనుతో ఫొటో తీసి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడతాడు. అది అతనికి బతుకుతెరువు కాదు, సరదా. గత వేసవిలో అమెథిస్టు అనే ఊదారంగు స్ఫటికం ఒకటి పట్టుకొచ్చి, "మాస్టారూ, దీని ఫొటో కింద వేయడానికి నాలుగు ముక్కలు రాసివ్వండి, ఇంగ్లీషులోకి నేను మార్చుకుంటాను" అన్నాడు. ఎం.ఏ. తెలుగు చదివినవాణ్ని కదా! సంజ చీకటినీ, నేరేడు పండునూ, రాచకన్నె కనుచూపునూ కలిపి అరపేజీ రాసిచ్చాను. అతను రెండుసార్లు చదువుకొని, "బాగుందండీ. కాని ఇందులో నేను చేసిన పనేమీ లేదండీ" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నా అరపేజీ ఎక్కడి నుండి వచ్చింది? అది నా సొంతం కాదు. మన రత్నపరీక్షా సంప్రదాయం నుండి వచ్చింది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రాలకు వన్నెలు చెప్పాడు, ఆ వన్నెలకు వర్ణాలు కూడా చెప్పాడు. తెల్లనిది బ్రాహ్మణులకు, ఎర్రనిదీ పచ్చనిదీ క్షత్రియులకు, దిరిసెన పూవు వన్నెది వైశ్యులకు, కత్తి వన్నెది శూద్రులకు. భూమిలో పుట్టిన బొగ్గు తునకకు సైతం కులం అంటగట్టిన శాస్త్రం అది. 14వ శతాబ్దపు తొలినాళ్లలో, అల్లావుద్దీన్ ఖిల్జీ ఖజానాను ఎరిగిన ఠక్కుర ఫేరు ప్రాకృతంలో రత్నపరీక్ష రాశాడు. ఈ గ్రంథాలను తక్కువ చేయనవసరం లేదు. వాటి పరిశీలన చాలా చోట్ల సునిశితమైనది. అయితే అవి ఎవరి కోసం రాసినవి? కొనేవాడి కోసం, ఖజానా కోసం. జాతి, వన్నె, దోషం, తూకం, వెల. ఇదీ వాటి చూపు. మన కావ్యాల నవరత్న వర్ణనలు ఆ చూపునే అరువు తెచ్చుకున్నాయి. భర్తృహరి నీతిశతకంలో, సానవల్ల చిక్కిపోయిన మణికి ఆ చిక్కదనమే శోభ అన్నాడు. దానం చేసి ధనం తరిగినవాడికి అది ఉపమానం. ఉపమానంలో మణి ఉంది, సాన ఉంది, దాత ఉన్నాడు. సానపట్టినవాడు లేడు.

సానపట్టినవాడు మనకు కాస్త స్పష్టంగా కనిపించేది ఒక విదేశీ వర్తకుడి రాతల్లో. ఇది మనకు గౌరవం కలిగించే విషయం కాదు. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండ గనులకు వచ్చాడు. అతని యాత్రాగ్రంథం 1676లో అచ్చయింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు వాలెంటైన్ బాల్ దాన్ని 1889లో ఇంగ్లీషు చేశాడు. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేశారని టావెర్నియే లెక్క. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారు. రావులకొండ అని అతను పిలిచిన మరో గనిలో, పని బాగా తెలిసినవాడికి కూడా ఏడాదికి మూడు వరహాలే కూలి అని రాశాడు. కంటి కొలుకులో వజ్రం దాచుకొని పట్టుబడిన పనివాడి సంగతీ రాశాడు. ఆ మనిషిని దొంగ అనే ముందు మూడు వరహాల లెక్కను ఒక్కసారి తలచుకోవాలి.

అక్కడే సానపనివాళ్లను అతను దగ్గరగా చూశాడు. ఒక్కొక్కరికి భోజనం పళ్లెమంత సానచక్రం. చక్రానికి ఒకే రాయి. రాతి పొర ఏ వైపు నడుస్తుందో చేతికి తెలిసే దాకా నీళ్లు పోస్తూనే ఉంటారు. తెలిశాక నూనె, వజ్రపు పొడి. పొడి ఖరీదైనదే అయినా పొదుపు చేయరు. రాయి శుభ్రంగా ఉంటే తూకం తగ్గుతుందన్న భయంతో పైనా కిందా కొద్దిగా తాకించి వదిలేస్తారు. మచ్చో పగులో ఉంటే రాయి నిండా పలకలు తీరుస్తారు, లోపం కనపడకుండా. ఈ చివరి వాక్యం నాకు ముఖ్యమనిపిస్తుంది. పలక అందం కోసమే పుట్టిందని మనం అనుకుంటాం. ఆ గనుల దగ్గర అది లోపాన్ని కప్పే పని కూడా చేసింది. ఎక్కువ నైపుణ్యం ఎక్కువ లోపమున్న రాయి మీద ఖర్చయింది, ఎందుకంటే వెల నైపుణ్యానిది కాదు, తూకానిది.

అదే పుస్తకంలో ఒక సానపనివాడి పేరు కూడా ఉంది. వెనిస్ నుండి మొగలు దర్బారుకు వచ్చిన హోర్టెన్సియో బోర్జియో. మీర్ జుమ్లా కానుకగా సమర్పించిన కొల్లూరు వజ్రం 900 రత్తీలు, అంటే 787½ క్యారట్లు. దాన్ని ఇతనికి అప్పగించారు. అరగదీయగా అరగదీయగా సుమారు 280 క్యారట్లు మిగిలింది. షాజహాన్ కూలి ఇవ్వకపోగా పదివేల రూపాయలు జుల్మానా వేశాడు. ఇంకా ఉంటే ఇంకా గుంజేవాడని టావెర్నియే అంటాడు. 1665లో ఔరంగజేబు ఆ వజ్రాన్ని టావెర్నియే చేతికిచ్చి చూపించాడు. రావులకొండ గని దగ్గర పొర తెలుసుకొని పట్టిన వందల చేతులకు ఆ పుస్తకంలో పేర్లు లేవు. తప్పుచేసి జుల్మానా కట్టినవాడికి పేరుంది.

1852లో లండన్‌లో కోహినూరును తిరిగి కోసినప్పుడు ఆవిరియంత్రం వచ్చింది గాని పద్ధతి మారలేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుండి పనివాళ్లను రప్పించారు. చక్రానికి రాయిని మొదట తాకించే వేడుక వెల్లింగ్టన్ డ్యూకుది, తరువాతి 38 రోజుల పని వాళ్లది. నేటి తూకంలో 191 క్యారట్ల రాయి 105.6 క్యారట్లయింది.

అయితే ఆ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే సానపనివాళ్లు 1894లో సంఘం పెట్టుకున్నారు. నాయకుడు హెన్రీ పోలాక్ స్వయంగా వజ్రాల పనివాడు. 1900లో వాస్తుశిల్పి బెర్లాహే ఆ సంఘానికి కోటలాంటి భవనం కట్టాడు. 1911లో వాళ్లు ఎనిమిది గంటల పనిదినం సాధించారు. వారిలో అధికసంఖ్యాకులు యూదులు. 1940 తరువాత నాజీ ఆక్రమణలో వేలమంది శిబిరాలకు పోయి తిరిగి రాలేదు. ఆ కథ ఒక నవలకు సరిపోతుంది, ఇక్కడ ఇంతకంటే చెప్పలేను.

రస్కిన్ 1853లో వెనిస్ శిల్పాన్ని గురించి రాస్తూ, రత్నాలు కోయడానికి బుద్ధితో పెద్దగా పనిలేదనీ, కేవలం వెల కోసం కోసిన రత్నాలు ధరించేవాళ్లు బానిసలను తోలేవాళ్లేననీ అన్నాడు. రెండో మాటలోని నీతికోపం నిజమైనది. మొదటి మాట తప్పు. తప్పని నాకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు, ఆ మేడగదిలో రెండు సాయంత్రాలు కూర్చోవడం వల్ల. ముడిరాయిని దీపానికెత్తి రంగు ఎక్కడ చిక్కగా ఉందో, పొర ఎక్కడుందో చూడాలి. దేన్ని పోగొట్టుకోవాలో ముందే తేల్చుకోవాలి. మైనంతో పుల్లకు అతికించాలి. స్ఫటికంలో అడుగు పలకల వాలు సుమారు 41 డిగ్రీలకు తగ్గిందా, పైనుండి వచ్చిన వెలుగు వెనక్కి తిరగకుండా కిందికి కారిపోతుంది. రాయి నడుమ గాజులాగా వెలవెలబోతుంది. పనివాళ్లు దాన్ని కిటికీ అంటారు. ఒక పలక వెంట్రుకవాసి లోతుగా పోతే మిగతావన్నీ మళ్లీ దిగాలి. నా శిష్యుడు చక్రం చప్పుడు వింటూ పనిచేస్తాడు, చప్పుడు మారితే చేయి ఆపేస్తాడు. దీనికి బుద్ధి అక్కరలేదా?

రస్కిన్ చూసింది పని స్వభావాన్ని కాదు, పని విభజనను. నేడు సూరత్‌లో ప్రపంచపు వజ్రాల్లో అత్యధిక భాగం సానదేరుతున్నాయి. అక్కడ ఒకరు అడుగు భాగం, ఒకరు పైభాగం, ఒకరు నడుము అంచు, రోజంతా అదే. వాళ్లను రత్నకళాకార్ అంటారు. బిరుదు కళాకారుడిది, కూలి మాత్రం రాళ్ల లెక్కన.

సరదాకు రాళ్లు కోసేవాళ్లు ఇంత పెద్ద సంఖ్యలో ఎప్పుడు పుట్టారు? అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం తరువాత. వాళ్ల కోసమే 1947లో లాపిడరీ జర్నల్ అనే పత్రిక మొదలైంది. అక్కడ 1938 చట్టం 1940 నాటికి వారానికి 40 గంటల పనిని కట్టుబాటు చేసిందన్నది దీనితో కలిపి చదవాలి. సాయంత్రం చేతికి వచ్చాకే సరదా వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ పనివాళ్లు కొట్లాడి తెచ్చుకున్న ఎనిమిది గంటలకూ మా గుమాస్తా మేడగదికీ బంధుత్వం ఉంది. అతనికి జీతం అన్నం పెడుతోంది గనుక, చెడిపోయిన రాయికి జుల్మానా వేసే పాదుషా లేడు. పరీక్షించే కన్నూ పనిచేసే చేయీ ఒక్క మనిషిలో కలవడం ఈ చరిత్రలో చిన్న విషయం కాదు.

దీన్ని ఊరికే పొగడి వదలడం కూడా పొరపాటే. అతని ముడిరాయి బ్రెజిల్ నుండి వచ్చింది. దేశం పేరు తెలుసు, తవ్విన మనిషి సంగతి తెలియదు. ఇదే స్ఫటికజాతి రాయి అయిన అకీకును తరతరాలుగా కోస్తున్న గుజరాత్ ఖంభాత్‌లో, ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు గట్టిపడి పోయేవాళ్లున్నారు. అతని చక్రం మీద నీటిచుక్క పడుతూనే ఉంటుంది, ముక్కుకు గుడ్డ ఉంటుంది, ఇష్టంలేని రోజున యంత్రం ఆపేయవచ్చు. ఖంభాత్ పనివాడికి ఆ చివరి సౌకర్యం లేదు.

ఇక ఫొటో. గోల్కొండ వర్తకులు ముడివజ్రాన్ని పగలు కాక రాత్రి చూసేవారని టావెర్నియే రాశాడు. గోడలో అడుగు చదరపు గూడు, అందులో దీపం, వేళ్ల మధ్య రాయి. బేరం గుడ్డ చాటున, చేతివేళ్ల స్పర్శతో, మాట లేకుండా. నేటి ఫొటో ఆ గూటికి మనవడు. నల్లగుడ్డ పరిచి, దీపాన్ని కాస్త వంచితే కిటికీ మాయమవుతుంది, రంగు చిక్కబడుతుంది. ఒకనాడు పలక చేసిన పనిని ఇప్పుడు ఫొటో చేయగలదు. మా వాడికి ఆ కిటుకులన్నీ తెలుసు. మొదట్లో వాడానని కూడా ఒప్పుకున్నాడు.

నా అరపేజీని అతను వాడుకోలేదు. ఫొటోల కింద తనే రాసుకున్నాడు. నాకు చూపిస్తే ఒక్క అచ్చుతప్పు మాత్రం దిద్దాను. అది ఇలా ఉంది: "ముడిరాయి 20 క్యారట్లు. కోశాక 6. పలకలు 57. అడుగు వాలు 43 డిగ్రీలు. మూడు సాయంత్రాలు పట్టింది. అంచు దగ్గర సూదిమొనంత పొర ఉంది, మూడో ఫొటోలో రాయిని పక్కకు వంచి చూపించాను."