హార్మోనియం మెట్లూ, భారతం మిట్టా

హార్మోనియం పరాయి వాయిద్యమనీ, మన రాగాలకు పనికిరాదనీ అనే పండితులు ఇప్పటికీ ఉన్నారు. వారు పాడబోయే ముందు ఏ శ్రుతి అని అడిగి చూడండి. ఒకరు ఒకటిన్నర అంటారు, మరొకరు అయిదున్నర అంటారు. ఈ అంకెలు భరతుడు చెప్పినవీ కావు, శార్‌ఙ్గదేవుడు చెప్పినవీ కావు. హార్మోనియం మీది తెల్లమెట్లను వరసగా లెక్కపెడితే ఒకటి, రెండు, మూడు. నడుమనున్న నల్లమెట్టు అర. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు గనుకనే మూడున్నర శ్రుతి అన్నమాట లేదు. గడప దాటనివ్వమన్న పెట్టె నట్టింట్లో కొలతై కూర్చుంది!

1842లో పారిస్‌లో దెబైన్ దీనికి హక్కుపత్రం పొందాడు. మొదట వచ్చినది కాలితో తొక్కేది. నేలమీద కూర్చుని పాడే మనవాళ్ల కోసం కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేతితిత్తి పెట్టెగా మార్చాడు. పద్యనాటకం దాన్ని అక్కున చేర్చుకుంది.

గమకం పలకదన్న ఆక్షేపణ అబద్ధం కాదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య జారుడు లేదు. పన్నెండు స్వరస్థానాలూ బిగించినట్టే ఉంటాయి. కాని 1940 మార్చి 1 నుంచి ఆకాశవాణి దాన్ని నిషేధించినప్పుడు, ఆ ఆక్షేపణకు అధికారం తోడైంది. నాడు రేడియోను నడిపినవాడు ఫీల్డెన్ అనే ఆంగ్లేయుడు. నిషేధాన్ని మెచ్చుకున్నవారిలో రవీంద్రుడు ఒకడు. దేశీయతను కాపాడే భారం దొరతనానికి దక్కడం విడ్డూరమే. స్వరాజ్యం వచ్చాకా అది తొలగలేదు. 1970ల ఆరంభంలోగాని సడలలేదు. ఈ ముప్పయ్యేళ్లూ పెట్టెను నమ్ముకుని బతికిన కళాకారుడికి రేడియో తలుపు మూసే ఉంది.

అతడికి తలుపు తెరిచినది ఊరు. మా వడమాలపేట, పుత్తూరు ప్రాంతాల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. తెల్లవార్లూ ఆడాలి. తంబుర తీగ మంచుకు సడలుతుంది, పెట్టె సడలదు. వేషగాడు పద్యం చివర ఊపిరి తీసుకునే వేళ రాగాన్ని కింద పడనీయక పట్టుకునేది అదే. మైకులు లేని కాలంలో చివరి వరసలో కూర్చున్న కూలీకి వినబడిందా లేదా అన్నది అక్కడి శాస్త్రం.

సముద్రాలకు అవతలా ఇటువంటిదే జరిగింది. 1935లో అమెరికాలో హామండ్ అమ్మకానికి పెట్టిన విద్యుత్ ఆర్గన్, గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చీలకు చవక బదులు. నల్లవారి చర్చీల్లో అది కొత్త గొంతు తెచ్చుకుంది. 1962లో బుకర్ టి. జోన్స్ బృందం 'గ్రీన్ ఆనియన్స్' అనే మాటల్లేని వాద్యగీతంలో ఆ ఆర్గన్‌నే ముందుకు తెచ్చింది. తర్వాత వచ్చిన ఫంక్ సంగీతంలో మెట్ల వాయిద్యం పాట వెంబడి నడవడం మాని తాళం పట్టింది. 1973లో హెర్బీ హాంకాక్ 'కమీలియన్'లో బేస్ వరసను సింథసైజర్ మీదనే వాయించాడు. పైవాళ్లు నకలని తోసేసిన దానిలో కిందివాళ్లు తమ నడకను కనిపెట్టుకున్నారు.

ఆ సింథసైజర్ సంతతే చవకబడి, కీబోర్డు పేరుతో ఇప్పుడు మా భారతం మిట్ట మీదికీ వచ్చింది. మళ్లీ పాత గొణుగుడే: ఇది మనది కాదని. ఈసారి గొణిగేవారిలో హార్మోనియం అభిమానులూ ఉన్నారు! కీబోర్డులో వందల ధ్వనులున్నాయి. నేను చూసినంతలో, దుర్యోధనుడు పద్యం ఎత్తుకోగానే వాయించేవాడు వాటన్నిటినీ వదిలి హార్మోనియం ధ్వనికే తిప్పుతాడు.