మూలపాఠము – సిద్ధరూపము

వైద్యుని యింట ఔషధము రెండు రూపములతో నుండును. ఒకటి తాళపత్రముపై వ్రాసిన యోగము. రెండవది ఆ యోగము ననుసరించి నూరి, మరగించి చేసిన లేహ్యము. లేహ్యమును కొనినవానికి రోగము తగ్గవచ్చును గాని అందేమి కలిసినదో తెలియదు. యోగము చేతనున్నవాడు దానిని చదువగలడు, పరీక్షింపగలడు, తన రోగికి తగినట్లు మార్చుకొనగలడు. కాని మూలికలు తెచ్చి నూరుకొను శ్రమ అతనిదే. నేడు ఇండ్లలో బల్లలపై నున్న కంప్యూటరులందు పాటలు వినిపించు సాధనములకును ఈ రెండు రూపములే కలవు. ఈ రెంటి భేదమును ఆశ్రయించుకొని సుమారు ఇరువది యేండ్లు ఒక చిక్కు సాగినది. ఆ చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

కంప్యూటరునకు మన భాష లేవియు తెలియవు. ఒకటి, సున్న అని మనము వ్రాయు రెండు గుర్తులే దానికి తెలిసినవి. మొదటి దినములలో నిపుణులు యంత్రమునకు అర్థమగు అంకెల వరుసలనే శ్రమపడి వ్రాసి యొప్పగించెడివారు. 1952 ప్రాంతమున అమెరికాలో గ్రేస్ హోపర్ అను విదుషీమణి, మనుష్యుడు వ్రాసిన సంకేతములను యంత్రమే తన యంకెలలోనికి కూర్చుకొను ఉపాయమును కల్పించెను. దానికి కంపైలరు అని పేరు. మనము కూర్పరి యనవచ్చును. మనుష్యుడు చదువగల మూలపాఠమును సోర్సు అనియు, యంత్రమునకై కూర్చిన సిద్ధరూపమును బైనరీ అనియు వ్యవహరింతురు. మూలపాఠమునుండి సిద్ధరూపమును చేయుట సులభము. సిద్ధరూపమునుండి మూలపాఠమును రాబట్టుట, లేహ్యమును రుచిచూచి యోగమును వ్రాయబూనుట వంటిది.

1976లో బెల్ ప్రయోగశాలయందు స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అను పనిముట్టును చేసెను. మూలపాఠమున ఏ భాగము మారినదో చూచి, అవసరమైన భాగములను మాత్రమే మరల కూర్పించుట దాని పని. 1983లో రిచర్డ్ స్టాల్మన్, ప్రతివాడును చదివి, మార్చి, పంచుకొనదగిన సాధన సముదాయమును నిర్మింతునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. 1987లో ఆ యుద్యమమునుండి ఒక కూర్పరి వెలువడెను. కూర్పరియే అందరి సొత్తైన పిమ్మట, మూలపాఠము దొరికిన సామాన్యుడును తన యింట సాధనమును తానే కూర్చుకొనుటకు దారి యేర్పడినది.

ఇక పాటను గూర్చి చెప్పెదను. సంగీతపు సీడీలో ధ్వనిని సెకండునకు 44,100 మారులు కొలుతురు. ఎడమకు కుడికి వేరువేరుగా, ఒక్కొక్క కొలతను 16 గుర్తులతో వ్రాయుదురు. అనగా సెకండునకు 14,11,200 గుర్తులు. ఇంత భారమును టెలిఫోను తీగపై పంపుట ఆనాడు దుర్ఘటము. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున ఫ్రౌన్‌హోఫర్ సంస్థయందు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ మొదలగువారు మనుష్యుని చెవి స్వభావమును పరిశీలించిరి. తప్పెట మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడదు గదా! వినబడని దానిని వ్రాయనేల? ఈ సూత్రముననుసరించి సెకండునకు 1,28,000 గుర్తులతో, అనగా పదునొకండవ వంతుతో, వినదగిన పాటను నిలుపగలిగిరి. 1988లో ఏర్పడిన ఎంపెగ్ అను అంతర్జాతీయ నిపుణుల సంఘము రూపొందించిన ప్రమాణమున ఈ పద్ధతియు చేరి, 1993లో ప్రచురింపబడినది. దీనినే ఎంపీ3 అందురు.

ఈ విద్యపై ఫ్రౌన్‌హోఫరు మొదలగు సంస్థలకు ఆనాడు పేటెంటు హక్కులుండెడివి. అనేక సంవత్సరములు శ్రమించినవారు ప్రతిఫలము కోరుట అన్యాయమని తేలికగా చెప్పరాదు. 1998 సెప్టెంబరులో ఆ సంస్థ ఎంపీ3 సాధనములను చేయుచున్న పలువురకు లేఖలు పంపి, రుసుము చెల్లింపవలెనని తెలిపెను. వెల తీసికొనక పంచిపెట్టువాడు ఆ రుసుమును ఎక్కడనుండి తెచ్చును? పలువురు తమ పనిని మానుకొనిరి.

ఆ సంవత్సరముననే మైక్ చెంగ్ అనునతడు 'లేమ్' అను పనిని ఆరంభించియుండెను. ప్రమాణముతోపాటు నమూనాగా వెలువడిన మూలపాఠము బహు మందముగా నడచెడిది. దానిని త్వరపరచుటకు కావలసిన మార్పులను మాత్రమే అతడు ప్రకటించెను. అది పుస్తకము వెంట వచ్చు తప్పొప్పుల పట్టిక వంటిది. మూలగ్రంథము లేనిచో పట్టిక యొక్కటే దేనికిని కొరగాదు. అందుచేతనే 'లేమ్ ఎంపీ3 సాధనము కాదు' అను ఆంగ్లవాక్యపు తొలి యక్షరములే దానికి పేరైనవి. ఆంగ్లమున ఆ మాటకు కుంటి యనియు అర్థము కలదు. తరువాత మార్క్ టేలరు మొదలగువారు ధ్వని నాణ్యమును పెంచిరి. 2000 మే నాటికి నమూనాపాఠపు శేషములన్నియు తొలగి, లేమ్ స్వతంత్ర రచనయైనది. అయినను వారు దానిని మూలపాఠముగనే ప్రకటించిరి. ఇది వర్ణన మాత్రమే గాని యంత్రాంగము కాదు, వర్ణనను ప్రకటించుట పేటెంటును అతిక్రమించుట కాదు అని వారి వాదము.

కావున కావలసినవాడు తానే కూర్చుకొనవలసి వచ్చెను. మూటగట్టిన మూలపాఠమును తెచ్చి విప్పవలెను. పిమ్మట 'కాన్ఫిగర్' అను ఆజ్ఞ నీయవలెను. అది పెండ్లికి ముందు సంబారములను సరిచూచు పెద్దవలె, కూర్పరి యున్నదా, కావలసిన యితర భాగములున్నవా, యంత్రమే జాతిది అని విచారించును. ఒక్క భాగము లోపించినను పని నిలిచిపోవును. ఆ భాగమును తేబోయినచో అది మరియొకదానిని కోరును. అన్నియు సమకూడిన పిదప 'మేక్' అనినచో కూర్పు సాగును. 'మేక్ ఇన్‌స్టాల్' అనినచో ఫలము తగినచోట చేరును. 2000లో ఫాబ్రీస్ బెల్లార్డ్ ఆరంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను దృశ్యశ్రవ్య సాధనమును కూర్చునప్పుడు, లేమ్‌ను కలుపుమని ప్రత్యేకముగ చెప్పవలెను. చెప్పనిచో కలుపదు.

అయితే ఇందొక సంగతి మరువరాదు. మూలపాఠమును మాత్రమే పంచుటచేత చిక్కు తీరలేదు, చేతులు మారినది. పేటెంటు చెల్లు దేశములలో భారము వ్రాసినవానినుండి ఇంటిలో కూర్చుకొనువానిపై పడినది. మన దేశమున పేటెంటు చట్టమునకు 2002లో జరిగిన సవరణ, కంప్యూటరు ప్రోగ్రాము కేవలము ప్రోగ్రాముగా పేటెంటునకు తగదని చెప్పుచున్నది. దేశమునకొక న్యాయమగుటచేత, లోకమంతటికిని సాధనములను పంచు కొన్ని సంస్థలు ఎంపీ3ను దూరముగ నుంచినవి.

కాలమే ఈ చిక్కును విప్పినది. పేటెంటునకు గడువు కలదు. ఫెడోరా అను ప్రసిద్ధ సముదాయము 2016 నవంబరులో ఎంపీ3 వినుటకును, 2017లో చేయుటకును సాధనములను చేర్చుకొనెను. 2017 ఏప్రిల్ 23న ఎంపీ3 అనుమతుల వ్యవహారము ముగిసినది. నేడు లేమ్‌ను సిద్ధరూపమున పొందుట సులభము. అయినను ఎఫ్ఎఫ్ఎంపెగ్ వారు నేటికిని తాముగా మూలపాఠమునే ప్రకటించుచున్నారు. సిద్ధరూపములను ఇతరులు చేసి యిత్తురు.

సిద్ధాన్నము దొరకునప్పుడు ప్రతిదినమును దంచుకొని వండుకొనుమని ఎవ్వరును చెప్పరు. కాని దంచుట తెలిసినవారు ఊరిలో కొందరైనను ఉండవలెను. ఈ ఇరువది యేండ్లును పాట సామాన్యుని యింట నిలిచినదన్నచో, మూలపాఠము ఎవరి పెట్టెలోను తాళము పడక యుండుటయు, దానిని ఓపికతో కూర్చుకొనువారు ఉండుటయు అందులకు కారణములు.