సంఘటనాధారిత ప్రోగ్రామింగు

సంఘటనాధారిత ప్రోగ్రామింగు అనేది కంప్యూటరు ప్రోగ్రాములను రాసే పద్ధతులలో ఒకటి. దీనిని ఈవెంట్ డ్రివెన్ ప్రోగ్రామింగ్ అని కూడా వ్యవహరిస్తారు. ఈ పద్ధతిలో రాసిన ప్రోగ్రాములో ఏ పని ముందు, ఏ పని తరువాత అనేది ముందుగా నిర్ణయమై ఉండదు. మౌసు నొక్కడం, కీబోర్డు మీట నొక్కడం, విండో పరిమాణం మార్చడం, నిర్ణీత సమయం పూర్తికావడం వంటి సంఘటనలు ఏ క్రమంలో వస్తే ప్రోగ్రాము ఆ క్రమంలో పనిచేస్తుంది. తెరపై విండోలు, బటన్లు, మెనూలు చూపించే ప్రోగ్రాములు దాదాపుగా అన్నీ ఈ పద్ధతినే అనుసరిస్తాయి.

వరుస పద్ధతికి, దీనికి తేడా

ప్రోగ్రామింగు నేర్చుకునేవారు మొదట రాసే ప్రోగ్రాములు సాధారణంగా పై నుండి కిందకు వరుసగా నడుస్తాయి. ప్రోగ్రాము ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది, తరువాతి ప్రశ్న అడుగుతుంది, చివరకు ఫలితం చూపించి ముగుస్తుంది. బడిలో ఉపాధ్యాయుడు హాజరుపట్టీ చూసి పేర్లు పిలవడం వంటిదే ఇది. ఎవరి పేరు పిలిస్తే వారే పలకాలి. క్రమం పట్టీలో ఉన్నదే.

విండో ప్రోగ్రాము పరిస్థితి కిరాణా కొట్టు యజమానిది. కొట్టు తెరిచిన తరువాత ఎవరు ఎప్పుడు వస్తారో, ఏమి అడుగుతారో ముందుగా తెలియదు. వచ్చినవారికి వచ్చిన వరుసలో సరుకు ఇచ్చి పంపాలి, ఎవరూ లేనప్పుడు ఊరక కూర్చోవాలి. ఒక్కరి కోసం గోదాములోకి వెళ్ళి అరగంట ఉండిపోతే మిగిలినవారంతా బయట నిలబడవలసి వస్తుంది. సంఘటనాధారిత ప్రోగ్రామింగులోని ముఖ్యమైన నియమాలన్నీ ఈ పరిస్థితి నుండే పుడతాయి.

చరిత్ర

తెరపై గీసిన బొమ్మలతో నేరుగా పనిచేసే ప్రోగ్రాములలో తొలితరానికి చెందినది స్కెచ్‌ప్యాడ్. దీనిని 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ రూపొందించాడు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసును బహిరంగంగా ప్రదర్శించాడు. 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఆల్టో కంప్యూటరు తయారయింది. విండోలు, మౌసు, స్మాల్‌టాక్ భాష అక్కడ కలిసి ఎదిగాయి. 1979లో అక్కడ పనిచేసిన ట్రిగ్వె రీన్స్‌కాగ్, సమాచారాన్ని, దానిని చూపించే విధానాన్ని, వాడుకరి ఆజ్ఞలను స్వీకరించే భాగాన్ని వేరువేరుగా ఉంచే మోడల్-వ్యూ-కంట్రోలర్ విధానాన్ని ప్రతిపాదించాడు.

1984లో ఆపిల్ మెకింతోష్ ద్వారా ఈ పద్ధతి సామాన్య వాడుకరులకు చేరింది. అదే సంవత్సరం ఎం.ఐ.టి.లో ఎక్స్ విండో వ్యవస్థ మొదలైంది. 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ విండోస్ తొలి రూపం విడుదలయింది. ఆ రోజులలో ఒక చిన్న విండో చూపించడానికి కూడా సి భాషలో పెద్ద ప్రోగ్రాము రాయవలసి వచ్చేది. 1991లో వచ్చిన విజువల్ బేసిక్ ఈ శ్రమను బాగా తగ్గించింది. అందులో బటన్లను మౌసుతో లాగి విండోలో అమర్చి, ఏ బటను నొక్కితే ఏమి జరగాలో మాత్రమే రాస్తే సరిపోయేది.

ముఖ్యమైన భాగాలు

విండో: ప్రోగ్రాముకు తెరపై కేటాయించిన చోటు. దీనికి శీర్షిక, అంచులు, మూసే గుర్తు ఉంటాయి.

విడ్జెట్లు: విండోలో అమర్చే బటన్లు, రాసే పెట్టెలు, జాబితాలు, మెనూలు. విండోస్‌లో వీటిని కంట్రోళ్ళు అంటారు.

సంఘటన: జరిగిన విషయాన్ని తెలిపే చిన్న సమాచారం. ఏమి జరిగింది, ఏ విండోలో జరిగింది, మౌసు ఎక్కడ ఉంది, ఏ మీట నొక్కారు వంటి వివరాలు ఇందులో ఉంటాయి. విండోస్‌లో దీనిని సందేశం అనే అర్థంలో మెసేజ్ అంటారు.

వరుస: వచ్చిన సంఘటనలు తమ వంతు కోసం వేచి ఉండే చోటు. దీనిని క్యూ అంటారు.

హ్యాండ్లరు: ఒక సంఘటనకు జవాబుగా నడిచే ఫంక్షను. ప్రోగ్రామరు రాసేది ముఖ్యంగా వీటినే. హ్యాండ్లరును ఫలానా బటనుకు ఫలానా సంఘటన జరిగినపుడు పిలవమని ముందుగా నమోదు చేయాలి.

సంఘటనల లూపు

విండో ప్రోగ్రాముకు గుండెకాయ సంఘటనల లూపు. మాటలలో రాస్తే అది ఇలా ఉంటుంది:

విండోను తయారుచేసి తెరపై చూపించు
ముగించమనే సంఘటన వచ్చేవరకు:
– వరుసలోని తరువాతి సంఘటనను తీసుకో. ఏదీ లేకపోతే నిద్రించు
– ఆ సంఘటన ఎవరికి చెందినదో చూడు
– వారి హ్యాండ్లరును పిలువు
– హ్యాండ్లరు పూర్తికాగానే మళ్ళీ మొదటికి రా

విండోస్‌లో ఈ పనిని సి భాషలో నేరుగా రాసేటపుడు గెట్‌మెసేజ్, డిస్పాచ్‌మెసేజ్ అనే రెండు ఫంక్షన్లు వాడతారు. మొదటిది వరుస నుండి సందేశాన్ని తెస్తుంది, రెండవది దానిని సంబంధిత విండోకు అందజేస్తుంది. పైథాన్ భాషలోని టికింటర్‌లో మెయిన్‌లూప్ అన్న ఒక్క పిలుపులోనే ఇదంతా ఇమిడి ఉంటుంది. జావా స్వింగ్‌లో లూపు రాయనవసరమే లేదు. అది తెర వెనుక తనంతట తానే నడుస్తుంది.

సంఘటనలు లేనపుడు నిద్రించడం ముఖ్యమైన విషయం. ఏదైనా జరిగిందా అని ప్రోగ్రాము క్షణక్షణం తనే వెతుక్కుంటూ ఉంటే ప్రాసెసరు సమయం, బ్యాటరీ శక్తి వృథా అవుతాయి.

ఒక ఉదాహరణ

వడ్డీ లెక్క కట్టే చిన్న విండోను తీసుకుందాం. అందులో అసలు, నూటికి నెలకు వడ్డీ, నెలలు అనే మూడు పెట్టెలు, లెక్కించు అనే బటను, ఫలితం చూపించే చోటు ఉన్నాయి. 10,000 రూపాయల అసలుకు నూటికి 2 రూపాయల వడ్డీ చొప్పున 6 నెలలకు 1,200 రూపాయలు అవుతుంది. లెక్కించు బటను హ్యాండ్లరు మూడు పెట్టెలలోని విలువలను చదివి, గుణించి, నూరుతో భాగించి, ఫలితాన్ని చూపిస్తుంది.

వరుస పద్ధతిలో ఈ ప్రోగ్రాము రాస్తే, లెక్క కట్టే సమయానికి మూడు ప్రశ్నలూ అడిగి ఉంటారనే భరోసా ఉంటుంది. విండోలో ఆ భరోసా లేదు. వాడుకరి అన్ని పెట్టెలనూ ఖాళీగా వదిలి బటను నొక్కవచ్చు. నెలల దగ్గర ఆరు అని అక్షరాలలో రాయవచ్చు. ఫలితం వచ్చిన తరువాత అసలు మార్చి, బటను నొక్కకుండా పాత ఫలితాన్నే చూస్తూ ఉండవచ్చు. చివరి సందర్భంలో తెరపై ఉన్న లెక్క తప్పు, కాని ప్రోగ్రాములో ఏ దోషమూ కనిపించదు. అందువలన పెట్టెలో విలువ మారినపుడు పాత ఫలితాన్ని చెరిపివేసే హ్యాండ్లరు కూడా రాయాలి. ప్రతి హ్యాండ్లరూ ఏ క్షణంలో పిలిచినా సరిగా ప్రవర్తించేలా ఉండాలన్నది ఈ పద్ధతిలో మొదటి నియమం.

తెరపై గీయడం

విండోలో బొమ్మ గీయడం కూడా సంఘటనకు జవాబుగానే జరుగుతుంది. కాగితంపై ఒకసారి గీసినది అలాగే ఉండిపోతుంది, విండోలో అలా కాదు. విండో పరిమాణం మారినపుడు, అందులోని విషయం మారినపుడు మళ్ళీ గీయమని ఆపరేటింగు సిస్టము అడుగుతుంది. కనుక గీసిన గీతల వివరాలను ప్రోగ్రాము తన మెమొరీలో దాచుకుని, అడిగిన ప్రతిసారీ వాటి నుండి బొమ్మను తిరిగి గీయాలి. మౌసు హ్యాండ్లరులోనే నేరుగా తెరపై గీసి వదిలేయడం, తరువాత విండోను పెద్దది చేయగానే బొమ్మ మాయమవడం కొత్తవారికి తరచు ఎదురయ్యే అనుభవం.

విండోస్‌లో గీయమనే సందేశానికి ప్రాధాన్యం తక్కువ. మిగిలిన సందేశాలు పూర్తయిన తరువాతే అది అందుతుంది. ఈలోగా వచ్చిన పలు గీత కోరికలు ఒక్కటిగా కలిసిపోతాయి. దీనివలన ఒకే బొమ్మను పదేపదే గీసే శ్రమ తప్పుతుంది.

స్పందన ఆగిపోవడం

లూపు ఒక సమయంలో ఒక్క హ్యాండ్లరునే నడుపుతుంది. ఆ హ్యాండ్లరు పెద్ద ఫైలును చదువుతూనో, నెట్‌వర్కు నుండి జవాబు కోసం ఎదురుచూస్తూనో ఉండిపోతే మిగిలిన సంఘటనలు వరుసలోనే పడి ఉంటాయి. బటన్లు పలకవు, విండో తిరిగి గీయబడదు, రద్దు చేయి అనే బటను ఉన్నా దానిని నొక్కిన సంగతి ప్రోగ్రాముకు చేరదు. విండోస్‌లో ఒక విండో 5 సెకన్లపాటు సందేశాలను తీసుకోకపోతే ఆ ప్రోగ్రాము స్పందించడం లేదని వ్యవస్థ నిర్ణయిస్తుంది. ఆండ్రాయిడ్‌లో కూడా తాకిన తాకుకు 5 సెకన్లలో స్పందన లేకపోతే ఇటువంటి హెచ్చరికే వస్తుంది. అప్పుడు చాలామంది ప్రోగ్రామును బలవంతంగా మూసివేస్తారు. భద్రపరచని పని పోతుంది.

విండోస్ 3.1లోను, 2001కి ముందటి మెకింతోష్ వ్యవస్థలలోను పరిస్థితి ఇంకా కష్టంగా ఉండేది. ఒక ప్రోగ్రాము తన వంతు పూర్తిచేసి లూపుకు తిరిగి రాకపోతే మిగిలిన ప్రోగ్రాములు కూడా నిలిచిపోయేవి.

వాడుకరి చేసిన పనికి 0.1 సెకను లోపు స్పందన వస్తే అది తక్షణమే జరిగినట్లు అనిపిస్తుందని జేకబ్ నీల్సన్ 1993లో తన పుస్తకంలో పేర్కొన్నాడు. ఆలస్యమయ్యే పనులకు రెండు మార్గాలున్నాయి. పనిని చిన్న ముక్కలుగా చేసి, టైమరు సంఘటన వచ్చినప్పుడల్లా ఒక్కొక్క ముక్క పూర్తిచేయడం ఒకటి. పనిని వేరే థ్రెడ్డుకు అప్పగించి, అది పూర్తికాగానే ఒక సంఘటన ద్వారా తెలుసుకోవడం రెండవది. అయితే ఎక్కువ పరికరాలలో విడ్జెట్లను ప్రధాన థ్రెడ్డు మాత్రమే మార్చాలి. వేరే థ్రెడ్డు నుండి నేరుగా మారిస్తే ప్రోగ్రాము ఎప్పుడో ఒకసారి మాత్రమే చెడిపోతుంది. అటువంటి దోషాలను పట్టుకోవడం కష్టం.

కీబోర్డు సంఘటనలు, తెలుగు

ఒక మీట నొక్కితే ఒక అక్షరం వస్తుందన్న భావనతో రాసిన ప్రోగ్రాములు ఇంగ్లీషుకు చాలావరకు పనిచేస్తాయి, తెలుగుకు పనిచేయవు. ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో శ్రీ అని టైపు చేయడానికి శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి వరుసగా కొట్టాలి. శ కోసం షిఫ్టు మీట కూడా కావాలి. అంటే మీట నొక్కిన సంఘటనలు ఐదు, యూనికోడు సంకేతాలు నాలుగు, చదివేవారికి కనిపించే అక్షరం ఒకటి. లేఖిని వంటి ఉపకరణాలలో రోమను అక్షరాలు కొడుతుండగా అంతకు ముందు చూపించిన తెలుగు అక్షరం కూడా మారుతూ ఉంటుంది.

ఈ కారణంగా మీట నొక్కిన సంఘటనను, అక్షరం చేరిన సంఘటనను విండో వ్యవస్థలు వేరువేరుగా అందిస్తాయి. పాఠ్యం కావలసిన ప్రోగ్రాము రెండవదానినే వినాలి. పేరు పొడవును మీటల లెక్కతోనో, సంకేతాల లెక్కతోనో పరిమితం చేసే దరఖాస్తులలో తెలుగు పేర్లు మధ్యలో తెగిపోయే అవకాశం ఉంది.

భాషలు, పరికరాలు

జావా: 1996లో ఏ.డబ్ల్యు.టి.తో మొదలైంది. 1997లో లిజనర్లు అనే నమోదు పద్ధతి, 1998లో స్వింగ్ వచ్చాయి.
పైథాన్: టికింటర్ దీనితోపాటే లభిస్తుంది. దీనికి ఆధారమైన టి.కె.ను జాన్ ఔస్టర్‌హౌట్ రూపొందించాడు. మొదటిసారి నేర్చుకునేవారికి ఇది సులువు.
సి++: క్యూట్ ఎక్కువ ప్రచారంలో ఉంది. ఇందులో సంఘటనను సిగ్నల్ అని, దానికి స్పందించేదానిని స్లాట్ అని అంటారు.
సి: గ్నోమ్ వాతావరణానికి జి.టి.కె. ఆధారం. ఇది మొదట గింప్ అనే బొమ్మల ప్రోగ్రాము కోసం తయారయింది.
జావాస్క్రిప్టు: 1995లో పుట్టింది. వెబ్ పేజీలలోని బటన్లు ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. 2009లో వచ్చిన నోడ్.జేఎస్ ఈ లూపును విండోలు లేని సర్వర్లకు కూడా తెచ్చింది.

పరిమితులు

ప్రోగ్రామును చదివినంత మాత్రాన అది ఏ క్రమంలో నడుస్తుందో తెలియకపోవడం ఈ పద్ధతిలో ప్రధానమైన ఇబ్బంది. హ్యాండ్లర్ల సంఖ్య పెరిగేకొద్దీ, ఒకటి మార్చిన విలువను మరొకటి చెరిపే ప్రమాదం పెరుగుతుంది. అందువలన లెక్కలను హ్యాండ్లర్లలో కాక విడి ఫంక్షన్లలో రాసి, హ్యాండ్లర్లను చిన్నవిగా ఉంచుతారు. పైన చెప్పిన వడ్డీ లెక్కను విడి ఫంక్షనుగా రాస్తే, విండో తెరవకుండానే దానిని పరీక్షించవచ్చు.

ఇవి కూడా చూడండి

ఆపరేటింగు సిస్టము
జావా ప్రోగ్రామింగు భాష
పైథాన్ ప్రోగ్రామింగు భాష
యూనికోడు
కంప్యూటరు మౌసు